మా నాన్న జీతం ఎగ్గొట్టిన ఓనరు

మా స్నానాల గది తలుపు మీద ‘ఓనర్ కమ్ డ్రై’ అని రాసి ఉంటుంది. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు, ప్రతి అక్షరానికీ నల్లటి నీడ, మూలల్లో రెండు నెమళ్ళు. అక్షరాలు పక్కకు పడుకుని ఉంటాయి కాబట్టి చదవాలనుకున్నవాళ్ళు తల భుజం మీదికి వాల్చాలి. కొత్తగా వచ్చిన చుట్టాలు చెంబు పట్టుకుని అలా మెడ వంచి నిలబడితే ఏదో మొక్కుకుంటున్నట్టు ఉంటుంది. నిజానికి అది మా నాన్న లారీ వెనక డోరు. బండి అమ్మేశాక ఆ చెక్కను పారేయబుద్ధి కాక నిలువుగా నిలబెట్టి తలుపు చేయించాడు. పొడవు ఎక్కువైంది, కోయాలి, ఏ వైపు కోయమంటావని వడ్రంగి అడిగాడు. “ఓనర్ పోకుండా సూడప్పా” అన్నాడు నాన్న. ఓనర్ పోలేదు. డ్రైవర్‌లో సగం పోయాడు. మిగిలిన మాట స్నానం చేసి వచ్చేవాళ్ళకు సరిగ్గా సరిపోయింది. తడి కాళ్ళతో ఇంట్లోకి రావద్దని మా అమ్మ ఎవరికీ విడిగా చెప్పనక్కరలేకుండా పోయింది.

పోయిన ఆదివారం ఈ తలుపు ముందు మా వీరేశు నిలబడ్డాడు. వీరేశు మా చిన్నాన్న కొడుకు, ఆస్పరిలో ఉంటాడు, ఎవరిదో లారీ మీద జీతానికి డ్రైవరు. ఒక చేతిలో మైసూరుపాకు పెట్టె, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో ఫైనాన్సు కాగితాలు. సెకండ్ హ్యాండులో పది చక్రాల బండి చూశాడట. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడట. ఇక కావలసింది మా నాన్న జామీను సంతకం, దానికి జతగా ఆదోనిలో మేముంటున్న ఈ రెండు గదుల ఇంటి పత్రాలు. వాయిదాలు ఆగితే ఇల్లు పోతుందన్న సంగతి ఆ కాగితాల్లో చాలా చిన్న అక్షరాల్లో ఉంది. చదవడానికి మెడ వంచితే చాలదు, అద్దాలు కావాలి. “పెదనాయనా, ఆ తలుపు చెక్క నాకియ్యి. కొత్త బండికి ఎనకాల కొట్టిచ్చుకుంటా. నీ చెయ్యి మంచిది” అన్నాడు వీరేశు. “తలుపు ఊడదీసుకపోతే మీ పెద్దమ్మ స్నానం యాడ చేస్తాదిరా? ముందు కూకో, రొట్టె తిను” అన్నాడు నాన్న. మా ఇంట్లో పెద్ద విషయాలన్నీ రొట్టె తిన్నాకే మొదలవుతాయి. కొన్నయితే రొట్టెతోనే ఆగిపోతాయి.

వీరేశు తింటూ, “అన్నీ పోను బాగానే మిగులుతాదంట పెదనాయనా. ఫైనాన్సాయన లెక్క రాసి సూపిచ్చినాడు” అన్నాడు. ఆ ‘అన్నీ పోను’ అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నేను మామూలుగా ఒళ్ళు మండే రకం కాదు, ఎవరు దేనికి ఏడుస్తున్నా పక్కన కూర్చుని ఒక జోకు వేసి తన్నులు తినే రకం. కానీ ఆ మాట మా ఇంట్లో పన్నెండేళ్ళు కాపురం చేసింది. అన్నీ పోను. ఏవేవి పోను? ఆ ‘అన్నీ’లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు లేరు?

ఓనర్ కాకముందు మా నాన్న ఒక పత్తి జిన్నింగు మిల్లు బండికి డ్రైవరు. నెల జీతం ఉండేది, ట్రిప్పుకు బత్తా ఉండేది. బత్తా అంటే దారి మీద ఉన్నన్ని రోజులకూ డ్రైవరుకు విడిగా ఇచ్చేది. జీతం ఇంటికి, బత్తా నాన్నకు. ఆ బత్తాలోంచే మాకు కోయంబత్తూరు నుంచి జంతికల పొట్లాలు, ఒకసారి నాకు పచ్చ రంగు స్వెటరు కూడా వచ్చాయి. ఆదోని ఎండల్లో స్వెటరు ఎందుకని ఎవరూ అడగలేదు. ఒంటి మీద వేసుకుని చెమట కారుస్తూ వీధంతా తిరిగాను. తరవాత నాన్నకు సొంత బండి పిచ్చి పట్టింది. అమ్మ ఒంటి మీద కమ్మలు తప్ప మిగిలిందంతా బంగారం కొట్టుకు పోయింది, ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, దాచుకున్నది కొంత ఇచ్చాడు, తక్కినది ఫైనాన్సు. బండి వచ్చిన రోజు నాన్న దానికి నిమ్మకాయలు కట్టక ముందే పెయింటరు దగ్గరికి తీసుకుపోయి వెనక డోరు మీద ఆ మూడు మాటలు రాయించాడు. మా పేర్లు రాయించమని అమ్మ అడిగింది. “పేర్లు అందరూ రాపిచ్చుకుంటారు” అన్నాడు.

ఆ రోజు నుంచి నాన్నకు పేరు పోయింది. మార్కెట్ యార్డులో, టీ కొట్టులో, మంగలి షాపులో అందరికీ ‘ఓనరన్న’. ఆ మాట ఎంత ఖరీదైనదో మాకు మెల్లగా తెలిసింది. స్కూలు వార్షికోత్సవానికి తక్కిన పిల్లల దగ్గర తీసుకున్నదానికి రెట్టింపు నా దగ్గర వసూలు చేశారు, ఓనరు కొడుకునని. బుకింగ్ ఆఫీసులో కిరాయి తగ్గించి, “నీకేమప్పా, ఓనరువి, సర్దుకుంటావులే” అనేవాళ్ళు. డ్రైవరుతో అయితే వాళ్ళు అట్లా అనలేరు, డ్రైవరు వెనక ఒక ఓనరు ఉంటాడు కదా. మా ఓనరు వెనక డోరు తప్ప ఏమీ లేదు. ఒకసారి బీదవాళ్ళ జాబితా రాసుకోవడానికి ఒకాయన ఇంటికి వచ్చాడు. అన్నీ అడిగి, చివరికి, “నాలుగు చక్రాల బండి ఏమన్నా ఉందా?” అన్నాడు. మా నాన్న ఛాతీ పొంగించి, “నాలుగేంది సార్, పది” అన్నాడు. ఆయన పుస్తకం మూసేసి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అమ్మ ఆ టీ పారబోయలేదు. నాన్న ముందు పెట్టి, “తాగు, పది చక్రాలాయనా” అంది.

నాన్న వచ్చే రోజు ఇంటి పద్ధతి వేరుగా ఉండేది. వీధి మలుపులో రెండుసార్లు హారన్ వినగానే అమ్మ కట్టెల పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ఆయన గుమ్మంలోకి రాక ముందే వాసన వచ్చేది. డీజిలు, చెమట, టార్పాలిను, వాటన్నింటి మీద పొడి పత్తి వాసన. కనుబొమల మీద పత్తి నూగు అంటుకుని ఉంటే ముప్పై ఏళ్ళ మనిషి ముసలాయనలా కనిపించేవాడు. చొక్కా విప్పి అమ్మకు ఇచ్చేవాడు. అమ్మ జేబులో ఉన్నదంతా స్టీలు పళ్ళెంలో కుమ్మరించేది. నలిగిన నోట్లు, చిల్లర, టోలు చీటీలు, ఒక్కోసారి సగం నమిలి కాగితంలో చుట్టిన వక్కలు. ఆ పళ్ళెం వైపు చూపించి నాన్న ఒకటే మాట అనేవాడు, “అన్నీ పోను మిగిలింది.” ఆ మాటలో ఎంత గర్వమంటే ఆ వక్కలు కూడా లాభం లాగే కనిపించేవి. ఆ డబ్బుతో బియ్యం, జొన్నలు, నా ఫీజు. మూడు నాలుగు నెలలకు ఒకసారి టైరు పేలేది. మిగిలిందంతా ఆ టైరు తినేది. “ఈసారి అదృష్టం బాలేదు” అనేవాడు. టైరు అరగడం అదృష్టానికి సంబంధించిన సంగతని నేను చాలాకాలం నమ్మాను. పేలిన టైరుకు దిష్టి తీసేవాళ్ళం కూడా. టైరుకు అది తెలియదు, మళ్ళీ అరిగేది.

మా బండి క్లీనరు ఖాసిం భాయ్, నాన్న కన్నా వయసులో పెద్ద. ఆయనకు రోజుకింత అని కచ్చితంగా ముట్టేది, నాన్న ఒక్కరోజు కూడా ఆపలేదు. “కష్టపడేటోని కూలి ఆపితే బండికి మంచిది గాదు” అనేవాడు. అందుకే మా వీధిలో మొదటి మిక్సీ ఖాసిం భాయ్ ఇంట్లోకి వచ్చింది. అమ్మ చట్నీ రుబ్బుకోవడానికి గిన్నె పట్టుకుని క్లీనరు ఇంటికి పోయేది. “ఏం ఓనరమ్మా, మీ ఇంట్ల కరెంటు లేదా?” అని ఖాసిం భాయ్ భార్య నవ్వేది. నెల వాయిదాకు తక్కువ పడితే నాన్న ఆయన దగ్గరే చేబదులు తీసుకునేవాడు. ఖాసిం భాయ్ ఇచ్చేవాడు, ఇస్తూ, “ఓనర్ సాబ్, నన్ను ఓనరు చేస్తవా ఏంది, నాకొద్దు, నేను ఈడనే బాగున్నా” అనేవాడు. ఆయన జోకు వేస్తున్నాడని నేను నవ్వేవాణ్ణి. లోకంలో అంత తెలివైన మనిషిని మళ్ళీ చూడలేదు.

ఒక మధ్యాహ్నం తాత రంగులు కొనడానికి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి మా ఇంటికి వచ్చాడు. నాన్న అప్పుడే కోయంబత్తూరు నుంచి దిగాడు. పత్తి బేళ్ళు వేసుకుపోయి, తిరుగు లోడు కోసం అక్కడ నాలుగు రోజులు బండి కిందే పడుకుని, చివరికి సగం లోడుతో వచ్చాడు. పళ్ళెం మామూలుగానే ముందుకు వచ్చింది. “అన్నీ పోను మిగిలింది మామా” అన్నాడు నాన్న. తాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని కూర్చుని వంగిపోయిన మనిషి. మాట కూడా అలాగే, ఒక్కొక్క పోగే నడిచేది. “ఏమేమి పోయినాయప్పా?” అన్నాడు. ఎగతాళికి కాదు. నేతగాళ్ళకు అది అలవాటు. నూలు ఎంత, రంగు ఎంత, మజూరి ఎంత అని విడదీయకుండా వాళ్ళు చీరను చూడలేరు. మజూరి అంటే నేసిన మనిషి కూలి.

అరుగు మీద అమ్మ చేటలో శెనక్కాయలు పోసుకుని వొలుస్తోంది. తాత నూరు కాయలు లెక్కపెట్టి నాన్న ముందు పోశాడు. “ఇది నీకొచ్చిన కిరాయి అనుకో. ఎవరిది వాళ్ళకిస్తా పో.” నాన్న నవ్వుతూనే మొదలుపెట్టాడు. డీజిలుకు యాభై ఐదు పోయాయి. టోలుగేట్లు, హమాలీలు, బుకింగ్ కమీషను, దారిలో చెయ్యి చాపినవాళ్ళు, అందరికీ కలిపి పన్నెండు. ఖాసిం భాయ్‌కి నాలుగు. దారి తిండికి మూడు. మిగిలినవి ఇరవై ఆరు. “సూడు మామా, ఇదే నా మిగులు” అన్నాడు నాన్న, అమ్మ వైపు చూస్తూ.

“మంచిదే. ఫైనాన్సాయన కాయలు యాడ?” అన్నాడు తాత.

“అది నెలకొకసారి గదా మామా.”

“నెల రాకుండా పోతాదా ఏంది?”

పదిహేను పక్కకు పోయాయి. పదకొండు మిగిలాయి. టైర్లు అన్నాడు తాత. అవి అరిగినప్పుడు కదా అన్నాడు నాన్న. బండి నడిస్తే అరగవా అన్నాడు తాత. ఏడు పోయాయి. ఇన్సూరెన్సు, పర్మిటు, బండికి ఏడాదికొకసారి చేయించే పరీక్ష, వీటన్నింటికీ కలిపి నాలుగు. నాన్న ముందు అరుగు శుభ్రంగా కనిపించింది. గేరు బాక్సు పోతే ఎట్లా అని తాత అడగలేదు, అడిగితే కాయలు అమ్మ చేటలోంచి తేవలసి వచ్చేది.

“ఇంగ డ్రైవరు మజూరి యాడప్పా?” అన్నాడు తాత.

“డ్రైవరు నేనే గదా మామా.”

“నువ్వే. నీకు జరమొచ్చి పండుకుంటే ఇంగొకని ఎక్కిస్తావు గదా. వానికి బత్తా ఇయ్యవా?”

“ఇయ్యాల. ఇయ్యకపోతే ఎవడొస్తాడు?”

“మరి నీకేంటికి ఇయ్యలే?”

“నేను ఓనరును మామా. నా బండికి నాకు మజూరి ఏంది?”

తాత ఆ ఏడు గుట్టలనూ మార్చి మార్చి చూశాడు. “మాకు సేటు తక్కువ ఇస్తాడు. వానపడి మగ్గం గుంటలోకి నీళ్ళొచ్చిన నెలలో గూడ మజూరి ఎగ్గొట్టలే. నీ ఓనరు మంచోడు కాదప్పా. ఆయన దగ్గర పని మానుకో” అన్నాడు.

నాటకంలో అయితే ఇక్కడ నాన్న కుప్పకూలాలి, వెనక వయొలిన్ మోగాలి. మా ఇంట్లో ఏమీ మోగలేదు. నేను ఆ సందులో ఇన్సూరెన్సు తినేశాను, అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నాన్న లేచి, “మగ్గం వేరు, బండి వేరు మామా” అని, నీళ్ళు కాగుతున్నా స్నానం చేయకుండా బండి తుడవడానికి పోయాడు. ఆ తరవాత తాత ఉన్నన్నాళ్ళూ ఆయన ముందు పళ్ళెం తీయలేదు. చేసిందల్లా ఒక్కటే. మజూరి లేని చోట ఇంకా ఎక్కువ పని చేశాడు. దూరపు లోడుకు రెండో డ్రైవరును మానేసి ఆ బత్తా మిగిల్చానన్నాడు. నడుం పోయింది, మూత్రంలో రాళ్ళు వచ్చాయి. ఆసుపత్రి ఖర్చు కూడా అదృష్టం ఖాతాలోనే రాసుకున్నాం. బండి వచ్చిన పన్నెండేళ్ళకు కర్ణాటక సరిహద్దులోని హొళగుందాయన ఒకరు దాన్ని కొన్నారు. ఆ డబ్బుతో ఫైనాన్సు తీరింది, ఖాసిం భాయ్ చేబదుళ్ళు తీరాయి, డోరు మిగిలింది. డోరు ఎందుకు వదిలేశారంటే, కొన్నాయన కూడా ఓనర్ కమ్ డ్రైవరే. ఆయనకు కన్నడంలో కావాలి.

నాకు కోపం మా నాన్న మీద కాదు అని రాయాలని ఉంది, కానీ ఆయన మీద కూడా ఉంది. ఉన్నదంతా ఒక మాట కోసం పెట్టాడు. అంతకన్నా ఎక్కువ కోపం, ఆ మాటను ఆయనకు అమ్మినవాళ్ళ మీద. ఒక మనిషి కూలిని లెక్కలోంచి తీసేసి, దానికి బదులు ఓనరన్నా అని పిలిస్తే చాలునని కనిపెట్టినవాడు ఎవడో గానీ వాడి తెలివికి దండం పెట్టాలి. పిలుపుకు డీజిలు అక్కరలేదు, టైర్లు అక్కరలేదు. నేనిప్పుడు ఆదోనిలో ఒక కాటా దగ్గర పని చేస్తున్నాను. లారీలు తూచడం నా ఉద్యోగం. ఖాళీ బండిని తూస్తాం, లోడు బండిని తూస్తాం, ఇందులోంచి అది తీసేస్తే సరుకు. రెండుసార్లూ డ్రైవరు సీటులోనే ఉంటాడు, కాబట్టి తీసివేతలో ఆయన పోతాడు. రోజుకు ఎన్ని బండ్లు తూచినా ఒక్క డ్రైవరు బరువూ నా చీటీలోకి రాలేదు. అప్పట్లో టోలు దగ్గర నాన్న జేబులోంచి నోటు తీసి ఇచ్చేవాడు, ఇస్తూ ఒక తిట్టు తిట్టేవాడు, అంతవరకు మనసు తేలికయ్యేది. ఇప్పుడు అద్దానికి అంటించిన స్టిక్కరులోంచి పోతుంది, ఎవరిని తిట్టాలో తెలియదు. కిరాయి బేరం ఫోనులో. అవతల మనిషి ముఖం కూడా కనిపించదు, తగ్గింపు మాత్రం కనిపిస్తుంది. కాటా దగ్గర టీ తాగుతూ ఓనర్ డ్రైవర్లు ఇప్పటికీ అదే మాట అంటారు, అన్నీ పోను. నేను చీటీ ఇస్తూ, “నువ్వు గూడ పోయినావా అన్నా, ఆ అన్నింట్లో?” అంటాను. నవ్వుతారు. కొందరు నవ్వరు.

నాన్న ఇప్పుడు మళ్ళీ ఒక మిల్లు బండికి డ్రైవరు. దగ్గర ట్రిప్పులే, ఎమ్మిగనూరు, ఆస్పరి, చిప్పగిరి. మొదటి నెల బత్తా తెచ్చిన రోజు పళ్ళెం అడగలేదు. ఆ నోట్లను విడిగా మడిచి అమ్మ చేతిలో పెట్టాడు. “ఇది నాది” అన్నాడు. అమ్మ వెళ్ళి మిక్సీ కొనుక్కుంది.

ఆదివారం వీరేశు రొట్టె తినడం అయింది. కాగితాలు పళ్ళెం పక్కన పెట్టాడు, పెన్ను మూత తీసి నాన్న వైపు చాపాడు. నాన్న పెన్ను తీసుకోలేదు. “శెనక్కాయలు ఉండాయా?” అని అమ్మను అడిగాడు. అమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి ఆయన ముఖం చూసింది. తాత పోయి ఏడేళ్ళు. చేట తెచ్చి మధ్యలో పెట్టి అక్కడే కూర్చుంది.

నాన్న నూరు లెక్కపెట్టి పోశాడు. “ఎవరిది వాళ్ళకియ్యి. కానీ ముందు డ్రైవరుకియ్యి.”

“డ్రైవరు నేనే గదా పెదనాయనా.”

“అందుకే సెప్తాండా. ఇప్పుడు నువ్వు పని జేసే ఓనరు నీకు ఎంత ఇస్తాండాడు?”

వీరేశు చెప్పాడు. దానికి సరిపడా పది కాయలు నాన్న తన మోకాలి దగ్గరికి జరుపుకున్నాడు. వీరేశు ఫైనాన్సాయన రాసిచ్చిన చీటీ చూసుకుంటూ పంచడం మొదలుపెట్టాడు. డీజిలుకు ఇప్పటి ధరలో యాభై ఎనిమిది. టోళ్ళు, హమాలీ, కమీషను, పన్నెండు. క్లీనరుకు నాలుగు, తిండికి మూడు. టైర్లు అన్నాడు నాన్న. ఏడు. తరవాత, ఇన్సూరెన్సు అన్నాడు. నాలుగు. ఫైనాన్సు వాయిదాకు వచ్చేసరికి వీరేశు వేళ్ళ కింద రెండు కాయలు ఉన్నాయి, కావలసినవి పదిహేను. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఈసారి ఒక్కటి కూడా తినలేదు.

“యాడో తప్పు పోయింది పెదనాయనా” అన్నాడు వీరేశు.

“నేను పన్నెండేండ్లు ఎతికినా నాయనా. నీకు దొరికితే నాకూ ఒక మాట సెప్పు.”

వీరేశు ఆ పది తప్ప అన్నీ కలిపేసి మళ్ళీ మొదటి నుంచి పంచాడు. డీజిలులో రెండు తగ్గించాడు, తిండిలో ఒకటి తగ్గించాడు. క్లీనరు దగ్గర ఆగి, తగ్గించకుండా ముందుకు పోయాడు. మా రక్తం కదా. ఈసారి ఐదు మిగిలాయి. చుట్టూ చూశాడు. ఆ నూరు కాయల్లో తను ఇంకా ముట్టనివి నాన్న మోకాలి దగ్గర మాత్రమే ఉన్నాయి. వీరేశు చెయ్యి ఆలోచించకుండానే అటు పోయింది. నాన్న చెయ్యి కూడా ఒకప్పుడు అలాగే పోయి ఉంటుంది, ఆలోచించకుండానే.

నాన్న అరచెయ్యి ఆ పది కాయల మీద బోర్లించాడు.

“అవి డ్రైవరువి” అన్నాడు.